కాలరులో వేలంత ఖాళీ

మా వీధి టైలరు మాస్టరు మొన్న శుక్రవారం పోయారు. ఫ్లూ జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగిందట. పక్క గుమ్మమే అయినా కబురు ఫోనులో వచ్చింది. "ఇంటికొత్తే బయపడతావని ఫోన్ సేశాను బావా" అన్నాడు ఆయన కొడుకు. వెటకారం కాదు, నిజంగానే అన్నాడు.

పూర్ణా మార్కెట్ వెనక సందులో ఆయన మిషను చప్పుడుతోనే మాకు తెల్లారేది. మెడ కొలిచేటప్పుడు టేపు లోపల తన వేలొకటి పెట్టేవారు. "ఊపిరాడాలి కదరా, నువ్వసలే వాగుడుకాయవి" అనేవారు నన్ను.

దేశమంతా స్వైన్ ఫ్లూ అని వణికిన ఏడాది, టీవీలో పూణే పేరు వినబడితే ఇక్కడ మేం తుమ్ము ఆపుకునేవాళ్ళం. మాస్కులు దొరక్క జనం జేబురుమాళ్ళు కట్టుకున్నారు. మా వీధిలో ఆ జ్వరం నా ఒక్కడికే వచ్చింది. ప్రత్యేక వార్డులో పడుకుని, నయమయ్యాకే ఇంటికొచ్చాను. డాక్టరు భయం లేదన్నాడు గానీ వీధి నమ్మలేదు. టీ కొట్టువాడు గ్లాసు అరుగు చివర పెట్టి "అక్కడే తాగీ బావా, ఏటనుకోకు" అన్నాడు. పందిలా గుర్రుమని అందర్నీ బెదరగొట్టి నవ్వేవాణ్ణి. ఇంట్లోకొచ్చాక ఆ నవ్వు ఉండేది కాదు.

ఒక సాయంత్రం మాస్టరు నడివీధిలో స్టూలు వేసి పిలిచారు. "రారా, సొక్కా కుడతాను. కొలతలియ్యి."

నా కొలతలు ఆయనకి కొత్తా? గిరాకీ లేక నన్ను పట్టుకున్నారనుకున్నాను. గుమ్మాల్లోంచి అందరూ చూస్తుండగా టేపు నా మెడకి చుట్టి, వేలు పెట్టారు. నేను ఊరుకుంటానా, ఆయన మొహం మీదే కావాలని దగ్గాను.

ఆయన వెనక్కి జరగలేదు. "దగ్గు కూడా కొలవమంటావేటి?" అన్నారు.

వీధి నవ్వింది. మర్నాడు టీ గ్లాసు నా చేతికొచ్చింది.

తీరా వేసుకుంటే చొక్కా వేలాడింది. "గుడారం కుట్టీసారేటి మాస్టరూ?" అన్నాను.

"జొరంలో సిక్కిన ఒళ్ళు నీది కాదురా. నీ ఒళ్ళు తిరిగొత్తాది."

అంటే పాత కొలతలకే కుట్టారు. ఆ రోజు టేపు పట్టింది చొక్కా కోసం కాదు.

అలాంటి మనిషి మొన్న మంచం పడితే నేను కిటికీ దాకా వెళ్ళాను, ముక్కుకి రుమాలు కట్టుకుని. "ఏటి మాస్టరూ, కొత్త పెళ్ళికొడుకులా దుప్పటి కప్పుకున్నారు?" అని బయటినుంచే అరిచాను. ఆయన దగ్గి, దగ్గి, నవ్వారు.

"లోనికి రారా. లావెక్కావు, కాలరు బిగిసిందేమో సూత్తాను."

"ఇప్పుడే వత్తన్నాను" అని ఇంటికొచ్చి తలుపేసుకున్నాను. షుగరుంది కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. మళ్ళీ వెళ్ళలేదు. ఆయన ఎదురుచూశారో లేదో అడిగే మొహం నాకు లేదు.

శుక్రవారం ఆ చొక్కాయే తీసి వేసుకున్నాను. ఆయన కొడుకు "భుజం పట్టు బావా" అంటే జనాజా మోశాను, నేల చూసుకుంటూ. బిగుస్తుందనుకుని పై గుండీ పెట్టుకున్నాను. బిగియలేదు. మెడ దగ్గర ఇంకా ఒక వేలు పట్టేంత ఖాళీ ఉంది.