తవుడు బేరం

గ్యారేజీ తలుపు పైకి లేస్తూ కిర్రుమంటే ఇప్పటికీ నా గుండె ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. మొన్న ఆదివారం మా వీధి చివరి ఇంటివాళ్లు పాత సామాను అమ్ముతున్నారంటే వెళ్లాను. తలుపు లేవగానే అదే వాసన: చెమ్మపట్టిన అట్టపెట్టెలు, గడ్డి కోసే మిషను పెట్రోలు, ఎవరో ఎప్పుడో తొడుక్కున్న ఉన్ని కోట్లు. బల్లల మీద కప్పులు, బొమ్మలు, ఫొటో ఫ్రేములు. అన్నిటి మీదా ధర రాసిన పసుపు స్టిక్కర్లు. మా అమ్మాయి ఒక స్టిక్కరు ఊడబీకి నుదుటికి అంటించుకుని, "మామ్, హౌ మచ్ యామ్ ఐ?" అని అచ్చం ఇక్కడి పిల్లల యాసలో అడిగింది. అందరూ నవ్వారు. నేను గబుక్కున ఆ స్టిక్కరు పీకేశాను. పీకేశాక ఒక్క క్షణం ఆలోచించి, మళ్లీ నేనే అంటించాను. ఎందుకో మీకు అర్థం కావాలంటే తవిటమ్మ ఆంటీ గురించి చెప్పాలి.

మేం ఐర్లండులో పోర్ట్‌లీష్ అనే ఊరికి వచ్చిన కొత్త. మా ఆయన పొద్దున్నే డబ్లిన్ రైలెక్కి ఆఫీసుకి పోయేవాడు. ఇంటర్ చదివిన నాకు ఇంగ్లీషు చెవికెక్కేది గానీ నోటికొచ్చేది కాదు. రోజంతా గోడలతో మాట్లాడేదాన్ని. ఒక ఆదివారం ఒక్కదాన్నే నడుచుకుంటూ వెళ్తుంటే ఒకరింటి గ్యారేజీలో నీలం గాజు దీపం కనిపించింది. రెండు చేతులతో ఎత్తి పట్టుకుని "బ్యూటిఫుల్" అన్నానో లేదో, వెనకనుంచి ఎవరో నా మోచెయ్యి పట్టుకున్నారు.

"ఏటే గుంటా, తెలుగుదానివేనా?"

"అవునండీ."

"అయితే అది కింద పెట్టీ. పెట్టి ఆ మొహం మార్చు."

"మొహం మార్చడమేంటండీ?"

"నచ్చినదాన్ని అలగ చూస్తారేటి ఎవరైనా? నీ కళ్లు చూసీసరికే ధర పెరిగిపోనాది."

చీర మీద మోకాళ్లదాకా వానకోటు, కాళ్లకి మగవాళ్ల బూట్లు, నుదుట పెద్ద బొట్టు. ఆవిడే తవిటమ్మ ఆంటీ. దీపాన్ని పులిసిన పెరుగు గిన్నెలాగా ఎడంగా పట్టుకుంది. వైరు పాతదనీ, గాజు మీద గీత ఉందనీ, ఇది వెలిగిస్తే ఉన్న వెలుతురు కూడా పోతుందనీ ఆ ఇంటాయనతో ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నవ్వి సగానికి ఇచ్చేశాడు. ఆ దీపం ఇవాళ్టికీ మా హాల్లో ఉంది.

ఆంటీది శ్రీకాకుళం వైపు. వాళ్లాయన ఇక్కడి ఆసుపత్రిలో ఎముకల డాక్టరు. పాత సామాను కొనుక్కోవాల్సిన అవసరం ఆవిడకి బొత్తిగా లేదు. అయినా ఎక్కడ గ్యారేజీ తలుపు లేచినా అక్కడుండేది. కొన్నవి తన గ్యారేజీలో పెట్టి, కొత్తగా దిగిన మనవాళ్లకి ఇంకా తక్కువకి ఇచ్చేసేది. ఊరికే మాత్రం ఇచ్చేది కాదు. ఆవిడ వెంట తిరగడం మొదలుపెట్టాక నా నోరు కూడా పెగిలింది. నచ్చిన వస్తువుకి వంకలు పెట్టడం, అక్కర్లేనిదాన్ని పొగడడం, తగ్గించమని అడిగి ఊరుకుని ఎదుటివాళ్లు మాట్లాడేదాకా ఆగడం, అన్నీ ఆవిడ నేర్పినవే. ఆఖరిది మాత్రం నాకు సరిగ్గా రాలేదు. నోరు మూసుకోవడం నా వల్ల కాదు.

"డాక్టరుగారి భార్య, మీకీ బేరాల పిచ్చేంటాంటీ?" అని ఒకసారి అడిగేశాను.

"నేనే బేరంలో వొచ్చినదాన్ని," అంది నవ్వుతూ. "మాయమ్మకి నా ముందు పుట్టినోళ్లు నిలవలేదు. నేను పుట్టగానే చాటలో పడుకోబెట్టి పక్కింటామెకి అమ్మీసారు. చాటెడు తవుడుకి. అందుకే తవిటమ్మ. అంత చవక సరుకుని చావు కూడా ముట్టుకోదని మావోళ్ల నమ్మకం. ఇదిగో, ముట్టుకోలేదు."

అప్పుడు నేను కూడా నవ్వాను. తరవాత నవ్వలేకపోయాను. మొదటి కడుపు అయిదో నెలలో పోయింది.

రెండోసారి నెల తప్పినప్పుడు సంతోషానికి ముందు భయం వచ్చి కూర్చుంది. ఎవరికీ చెప్పలేదు. చిన్న గుడ్డముక్క కూడా కొనలేదు. కొంటే ఎవరో చూస్తారని, చూస్తే పోతుందని. ఎవరైనా "మొహం కళకళలాడుతోంది" అంటే ఇంటికెళ్లి దిష్టి తీసుకునేదాన్ని. డాక్టరు అంతా గ్రాండ్, అంటే బాగుంది, అనేవాడు. ఇక్కడ వానకీ గ్రాండే, జ్వరానికీ గ్రాండే. ఆ మాట నమ్మేదెలాగ?

ఎనిమిదో నెలలో మా వెనక వీధిలో మోరీన్ అనే పెద్దావిడ గ్యారేజీ ఖాళీ చేస్తుంటే ఆంటీ నన్నూ లాక్కెళ్లింది. మూలన పిల్లలబండి ఒకటి ఉంది. ముదురాకుపచ్చ, పెద్ద చక్రాలు. నేను చూసి వెంటనే మొహం తిప్పేసుకున్నాను. ఆంటీ అది కనిపెట్టింది. ఒక చక్రం వంకరంది, హుడ్డుకి బూజంది, దీంట్లో పడుకోబెడితే పిల్లలు అలిగి పెళ్లి కూడా చేసుకోరంది. మోరీన్ నవ్వు ఆపుకోలేక ధర తగ్గించింది. ఆంటీ డబ్బులు తీస్తుంటే నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"వద్దాంటీ, ముందే కొనకూడదు. ప్లీజ్."

"నువ్వేటి కొన్నావే? కొన్నది నేను. నాకు బంగాళాదుంపలు వేసుకోడానికి కావాల."

నా కంగారు చూసి మోరీన్ దగ్గరికొచ్చింది. భాష అక్కర్లేకుండానే ఆవిడకి విషయం తెలిసిపోయింది. "మా అమ్మ కూడా బిడ్డ ఇంటికొచ్చేదాకా బండిని గడప దాటనిచ్చేది కాదమ్మా," అంది. "ఎవరో ఒకరి షెడ్డులో దాచేవాళ్లం." బండి ఆంటీ గ్యారేజీకి చేరింది. పుట్టేదాకా దాంట్లో నిజంగానే బంగాళాదుంపలు పోసింది ఆ మహాతల్లి.

పాప తొందరపడి పుట్టింది. కొన్నాళ్లు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉంచి పంపించారు. ఇంటికొచ్చాక నేను మనిషిలా లేను. పేరు పెట్టనివ్వలేదు, ఫొటో తియ్యనివ్వలేదు. పాప నిద్రపోతుంటే ముక్కు కింద వేలు పెట్టి ఊపిరి తగులుతోందా అని చూసుకోవడం, తీసెయ్యడం, మళ్లీ పెట్టడం. అన్నం ముద్ద చేతిలో ఉండగా కూడా లేచి వెళ్లేదాన్ని. నర్సు వచ్చి చూసి అంతా బాగుందని చెప్పి వెళ్తే, ఆవిడ కారు మలుపు తిరిగేలోగా నేను మళ్లీ వేలు పెట్టేదాన్ని. "నువ్వే పడిపోయేలా ఉన్నావు," అని మా ఆయన నెత్తీ నోరూ కొట్టుకుని చివరికి ఆంటీకి ఫోన్ చేశాడు.

"పిల్లని పట్టుకుని మా గ్యారేజీకి రా," అంది ఆంటీ. ఇంట్లోకి కాదు, గ్యారేజీకి.

వెళ్లేసరికి తలుపు పైదాకా ఎత్తి ఉంది. చుట్టూ స్టిక్కర్ల సామాను, మధ్యలో తుడిచి మెరిపించిన ఆకుపచ్చ బండి. ఆంటీ చేతిలో పాత ట్రే, దాన్నిండా తవుడు. పాలల్లో కలుపుకు తినేవాళ్ల కోసం సూపర్‌మార్కెట్లో పాకెట్లలో అమ్మేది. "మనూళ్లో గేదెలకి పెడతాం, ఈ దొరలు పొద్దున్నే కొనుక్కు తింటన్నారు," అని గొణిగి, పాపని బండిలో పడుకోబెట్టమంది. పాపకి చుట్టిన దుప్పటి మీద పసుపు స్టిక్కరు అంటించింది. దాని మీద ఏమీ రాసి లేదు.

"ధర చెప్పు."

నేను వంగి పాప టోపీ సర్దాను.

"అయితే నేనే చెప్తాను. వెయ్యి యూరోలు."

"ఆంటీ!"

"చాలదేటి? రెండువేలు. ఎంత ముద్దుగున్నాదే, బంగారు బొమ్మ..."

ఒళ్లంతా మంటెక్కింది. నచ్చినదాన్ని పొగడొద్దని నేర్పిన మనిషి, నా పిల్లని వీధి వినేలా పొగుడుతోంది! ఆపడానికి ఒక్కటే దారి.

"అంత చెయ్యదాంటీ."

"ఎందుకు చెయ్యదూ?"

"బక్కది."

"ఇంకా?"

"తాగిన పాలన్నీ కక్కేస్తుంది. ఎండిన పుల్లల్లాంటి కాళ్లు. తొందరపడి పుట్టింది, ఏదీ సరిగ్గా తయారవలేదు."

"ఇంకా చెప్పవే."

"జుట్టు లేదు. నన్ను నిద్రపోనివ్వదు. ముక్కు వాళ్ల నాన్నది, అదసలు పనికిరాదు!"

ఏడుస్తూనే నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ లోపల దాచుకున్న భయాలన్నీ, బయటికొచ్చేసరికి పాత దీపానికి పెట్టే వంకల్లా వినబడ్డాయి.

"ఎంతకిస్తావు మరి?"

"ఊరికే తీసుకోండి."

"ఊరికే వొద్దు. ధర ఉండాల. అప్పుడే అది నాదవుతాది."

పాప వైపు చూశాను. నోరు చప్పరిస్తోంది. "చాటెడు తవుడు," అన్నాను.

ట్రే నా చేతుల్లో పెట్టింది. తవుడు గాలికి లేచి నా కళ్లల్లో పడింది. అప్పుడే రోడ్డు మీద పోతున్న మోరీన్ ఆగి, "ఆ చిన్నదెంతమ్మా?" అని అడిగింది. ఆంటీ స్టిక్కరు మీద పెన్నుతో రాసి చూపించింది: సోల్డ్.

"ఇప్పుడు చెప్పు. దీనికి ఒళ్లు వెచ్చబడితే ఎవరు భయపడాల?"

"నేను."

"నువ్వెందుకే? అమ్మీసినదానివి. కొన్నది నేను, భయం నాది. పాలు పట్టడం, గుడ్డలు మార్చడం నీ పని. నా పిల్లని పెంచి పెట్టు, అంతే. పో, లోపల సోఫాలో పడుకో."

అలా ఎలా పడుకున్నానో తెలియదు, పడుకున్నాను. కల కూడా రాలేదు. లేచేసరికి ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. గ్యారేజీలోకి తొంగిచూశాను. ఆంటీ నా వైపు వీపు పెట్టి బండి మీదకి వంగి ఉంది. పాప ముక్కు కింద వేలు పెట్టి చూస్తోంది. తీసింది. కాసేపాగి మళ్లీ పెట్టింది. నేను చప్పుడు చెయ్యకుండా వెనక్కి వచ్చేశాను. అన్న మాటకి కట్టుబడి నా భయాన్ని మోస్తున్న మనిషిని అప్పుడు చూశాను.

డాక్టరు అంకుల్ రిటైరయ్యాక వాళ్లు విశాఖపట్నం వెళ్లిపోయారు. ఆకుపచ్చ బండి ఇప్పుడు మా గ్యారేజీలో ఉంది, బంగాళాదుంపలతో. నా భయం పోయిందంటే అబద్ధం. స్కూలు నుంచి ఫోనొస్తే ఇప్పటికీ ఎత్తేలోగా వంద ఊహించుకుంటాను. అప్పుడు ఆంటీకి ఫోన్ చేస్తాను. "నా సరుకెలగున్నాదే?" అంటుంది ఎత్తగానే. ఒకసారి అడిగాను కూడా, పిల్లని వెనక్కి ఎప్పుడమ్ముతారని. "అమ్మీసింది వెనక్కి తీసుకోడం లేదని బోర్డు పెడతారు చూడు, అదే నీకూను," అంది.

మొన్న ఆ గ్యారేజీలో మా అమ్మాయి నుదుటి మీద పసుపు స్టిక్కరు మళ్లీ నొక్కి అంటిస్తుంటే అమ్మే ఆవిడ, "వాట్ ఎ బ్యూటీ!" అంది. "అన్నం తినదు, చెప్పిన మాట వినదు," అన్నాను నాకొచ్చిన ఇంగ్లీషులో. "అయినా ఇది నాది కాదండీ. ఓనరు విశాఖపట్నంలో ఉంటుంది."