ఆళ్లగడ్డ చేలో మూడో జెండా

గోల్ఫ్ నేర్చుకుంటామని వచ్చేవాళ్లకు నేను మొదట చెప్పేది ఒక్కటే. పక్కన ఆడేవాడి బంతి మీద ఓ కన్నేసి ఉంచండి. మన బంతి ఎక్కడ పడిందో మనకు తెలుస్తుంది. వాడి బంతి మాత్రం ముళ్లపొదలో పడినా అక్కడే ఉండిపోదు. వాడు నాలుగడుగులు ముందు నడిచి, మనకు వీపు పెట్టి, వంగి, దొరికిందంటాడు. వెళ్లి చూస్తే అది కొట్టడానికి అనువుగా నున్నటి నేల మీద కూర్చుని ఉంటుంది. ఈ ఆటకు అంపైరు లేడు, ఎవడి దెబ్బలు వాడే లెక్క చెప్పుకోవాలి. దీన్ని పెద్దమనుషుల ఆట అని ఎవరు అన్నారో గానీ, ఆయన స్కోరు నేను చూసి ఉంటే బాగుండేది.

డెబ్బైల మొదట్లో నంద్యాలలో ఒక మిషన్ బడిలో లెక్కలు చెప్పేవాణ్ణి. మా చర్చి చూసుకునే పాదిరి దొరగారు సొంత దేశానికి వెళ్లిపోతూ తన గోల్ఫ్ కర్రలు ఏడు, గీతలు పడ్డ బంతులు ఓ బుట్టెడు నాకిచ్చి పోయాడు. అంతకుముందు రెండేళ్లు సాయంత్రాలు కాంపౌండులో నాకు ఆట నేర్పాడు. మోచెయ్యి వంచొద్దు, తల ఎత్తొద్దు, మనిషి గుణం ఈ ఆటలోనే బయటపడుతుంది అనేవాడు. ఆయన ఐదు దెబ్బలు కొట్టి నాలుగు అనేవాడు. దేవుని వాక్యం చెప్పే మనిషి కదా అని నేను నోరెత్తలేదు.

తల ఎత్తొద్దన్న మాట మాత్రం నిజం. బంతి ఎటు పోయిందో చూడాలనే తొందరలో కొట్టకముందే తల లేపేవాడు జీవితంలో బాగుపడడు. గాలిని కూడా నమ్మకండి. గడ్డిపోచ తుంచి పైకి ఎగరేసి గాలి వాలు చూడమంటారు. మా వైపు నిలబడ్డ చోట గాలి పడమర నుంచి వీస్తుంటే, రెండు వందల గజాల అవతల కొండల మీద నుంచి దిగి వచ్చేది. బాగా కొట్టావని ఎవరైనా మెచ్చుకుంటే, అతను తన రెండో బంతి ఏ జేబులో పెట్టుకున్నాడో చూడండి.

ఆడటం ఒక ఎత్తు, ఆటను దూరం నుంచి అంటిపెట్టుకుని ఉండటం ఇంకో ఎత్తు. మద్రాసు ఇంగ్లీషు పేపరు మధ్యాహ్నానికి మా బడికి చేరేది. క్రికెట్టు అంతా అయ్యాక పేజీ అడుగున గోల్ఫుకు నాలుగు లైన్లు దక్కేవి. రేడియోలో షార్ట్‌వేవ్ గరగరల మధ్య గెలిచినవాడి దెబ్బలెన్నో చెప్పి సరిపెట్టేవాళ్లు. నాకు ఆ అంకె చాలేది కాదు. ఎక్కడ తడబడ్డాడు, అప్పుడు పక్కన ఎవరున్నారు అన్నది కావాలి. గెలిచినవాడు ఏమన్నాడో చదవకండి, రెండో స్థానంలో ఆగిపోయినవాడి మాటలు వెతికి చదవండి. అతనికి దాచుకోవాల్సింది తక్కువ.

పదేళ్లు ఒక్కడినే ఆడాను. ఎనభైల్లో పాణ్యంలో ఒక పెళ్లికి వెళితే పంక్తిలో నా పక్కన ఆళ్లగడ్డ కాలువల ఓవర్సీరు కూర్చున్నాడు. ఎక్కడో ఆనకట్ట కట్టేటప్పుడు ఇంజనీర్ల కాలనీలో ఈ ఆట నేర్చుకున్నాడట. నంద్యాల చుట్టూ మడి నీళ్లే, బంతి ఆడించే చోటేదీ అన్నాన్నేను. ఆళ్లగడ్డకు రమ్మన్నాడు, ఊరికి తూర్పున కొండల వైపు కోత అయిపోయిన చేలు ఎండాకాలమంతా ఖాళీగానే ఉంటాయన్నాడు.

అప్పటి నుంచి శనివారం ఒంటిపూట బడి అయిపోగానే కర్రలను గోనెసంచిలో చుట్టుకుని ఆళ్లగడ్డ బస్సెక్కేవాణ్ణి. ముఠా కక్షల ఆ రోజుల్లో ఆ బస్సులో గోనెసంచి నిండా ఇనప కడ్డీలతో ఎక్కిన మనిషిని ఎవరు నమ్ముతారు? నా పక్క సీటు ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. బస్టాండులో పోలీసాయన రెండుసార్లు సంచి విప్పించాడు. ఒక కర్ర చేతిలోకి తీసుకుని చివర ఉన్న ఇనప ముద్దను వేలితో తడిమి, "దీంతో ఏం కొడతారు సారూ?" అన్నాడు. బంతిని అన్నాను. ఆయన కర్రను సంచిలోకి తోసి నన్ను వదిలేశాడు.

ఓవర్సీరు ఆరు జెండాలు పాతించాడు. వెదురు కర్రకు ఎర్రగుడ్డ. ఒక్కో జెండా కింద ఖాళీ పాలడబ్బా పాతి, దాని చుట్టూ వాడేసిన ఇంజన్ ఆయిల్ కలిపిన ఇసుక పోసి తొక్కించాం. మాకు పచ్చిక లేదు గనక బంతి దొర్లడానికి అదే గతి. మామూలుగా గోల్ఫ్ మైదానం మెలికలు తిరిగి మొదలైన చోటికే వస్తుంది. ఓవర్సీరు మాత్రం ఆరు జెండాలనూ తాడు పట్టినట్టు ఉత్తరం నుంచి దక్షిణానికి ఒకే వరసలో పాతాడు. అదేమిటని అడిగితే, గాలి ఎప్పుడూ పక్క నుంచే వీస్తే ఇద్దరికీ సమానం అన్నాడు. ఆయన బంతి ఎప్పుడూ ఎడమకు వంగేది, గాలి దాన్ని సర్దుతుందని ఎత్తు వేశాడని నా అనుమానం. తన శాఖవాళ్ల కొలత గొలుసు తెచ్చి జెండాకు జెండాకు మధ్య దూరం కూడా కొలిచేవాడు. ఒకటి రెండు సార్లు మూడుకాళ్ల మీద దుర్భిణి లాంటిది పెట్టి ఎత్తుపల్లాలు చూశాడు. ఆట మీద ఎంత శ్రద్ధ అనుకున్నాను.

నల్లరేగడిలో ఆడేవాళ్లకు ఒక మాట. మార్చి దాటాక నేల నెర్రెలిస్తుంది, బంతి లోపలికి దిగిపోతుంది. చెయ్యి మాత్రం పెట్టకండి, తేళ్లుంటాయి. ఒక దెబ్బ కలుపుకుని ఇంకో బంతి పెట్టుకోవాలని మేమిద్దరం ఒప్పందం చేసుకున్నాం. ఓవర్సీరు బంతి ఒక్కసారి కూడా నెర్రెలో పడలేదు. అది నేను నమ్మలేదు. అందుకే ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. తేదీ వేసి, ఏ దెబ్బ ఎక్కడి నుంచి కొట్టాడు, బంతి దేని పక్కన పడింది, అంతకుముందు ఏం చేశాడు అన్నీ రాసేవాణ్ణి. దొంగతనం ఏదో ఒకరోజు దొరుకుతుందని నా ఆశ.

మూడో జెండా ఉన్న చేను ఒక పెద్దాయనది. ఆయనకున్నదల్లా ఆ ఐదెకరాలే. మొదటి రెండేళ్లు మేము ఆడుతుంటే గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తూ చూసేవాడు. మూడో ఏడు ఒకరోజు ఓవర్సీరు ఇంకా రాకముందే నా దగ్గరకు వచ్చాడు.

"సారూ, నిజం చెప్పు. కాలవ ఏమన్నా పోతాందా ఈడ? ఈ జెండాలు దేనికి?"

ఆట కోసమేనని చెప్పాను. ఆయన నమ్మలేదు. పెళ్లాం పిల్లలున్న ఇద్దరు ఉద్యోగస్థులు ఎర్రటి ఎండలో ఇంత బంతి వెనక మైలు దూరం నడవడమేమిటని ఆయన అనుమానం. నాకు పౌరుషం వచ్చింది. కర్ర తీసి కొట్టి చూపించాను, పాలడబ్బా చూపించాను. అప్పుడు ఆయన అసలు సంగతి చెప్పాడు. "బాయి తవ్వుకుందామనుకుంటాండా. ఉన్న రెండు ఎద్దులూ అమ్మి తవ్వాల. రేపు కాలవ వస్తే అంతా పోతాది. నువ్వు బైబిలు చదివేటోనివి, నీ నోటితో చెప్పు."

దేవుని తోడు, ఇది ఆట తప్ప ఇంకేమీ కాదని చెప్పాను. ఆయన మొహం తేటపడింది. నాకు సంతోషం వేసింది. ఆ ప్రాంతంలో నా మాట నమ్మిన మొదటి మనిషి ఆయనే.

ఆయన ఎద్దులమ్మి బావి తవ్వాడు. మేము ఆడుతుంటే గడ్డపారల చప్పుడు వినిపించేది. నీళ్లు పడిన రోజు మా ఇద్దరికీ బెల్లం పెట్టాడు. ఓవర్సీరు కూడా తిన్నాడు. బావి ఎంత లోతని అడిగి, బాగుందన్నాడు.

మరుసటి ఏడాది కోతలయ్యాక నేను బస్సు దిగి వెళ్లేసరికి జెండాల పక్కన సర్వే రాళ్లు నాటి ఉన్నాయి. ఆరు జెండాల వరసలోనే. మూడో జెండా రాయి బావికి పది అడుగుల దూరంలో ఉంది. అప్పుడు గాని గొలుసు, దుర్భిణి, ఒకే వరస ఏమిటో నాకు వెలగలేదు. ఓవర్సీరును నిలదీశాను. ఆయన తడబడలేదు. పక్క ఊళ్లో సర్వే గుర్తులు రాత్రికి రాత్రే పీకేశారని, ఇక్కడ ఆట పేరు మీద పని ప్రశాంతంగా అయ్యిందని చెప్పాడు. "ఆట ఆడితిమి, పనీ అయిపాయ. దీంట్లో తప్పేముంది సారూ?" నాకు ఒళ్లు మండింది. మూడేళ్లు ఆయన బంతిని కాపలా కాశాను, జెండాల గురించి ఒక్క ప్రశ్నతో సరిపెట్టుకున్నాను. ఆ వేసవిలోనే ఆయన బదిలీ మీద వెళ్లిపోయాడు.

భూమికి పరిహారం ఇస్తామన్నారు గానీ బావికి ఇవ్వమన్నారు. సర్వే జెండాలు ఫలానా నెల నుంచే ఉన్నాయని ఓవర్సీరు రాసిపెట్టి పోయాడు. జెండాలు పడ్డాక తవ్విన బావి పరిహారం కోసమే తవ్వి ఉంటారని విచారణ అధికారి అనుమానం. అలా తవ్వేవాళ్లు ఉంటారు కూడా. పెద్దాయన నంద్యాల వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చుని, విచారణకు వచ్చి ఒక మాట చెప్పమన్నాడు. ఎద్దులు లేవు, చేను లేదు, ఆ బావి డబ్బన్నా వస్తే ఇంకో చోట రెండెకరాలు చూసుకుంటానన్నాడు.

వెళ్లాను. అవి గోల్ఫ్ జెండాలని, ఈయనకు నేనే మాట ఇచ్చానని చెప్పాను. అధికారి నవ్వు ఆపుకోలేకపోయాడు. ఆళ్లగడ్డలో గోల్ఫా అన్నాడు. నేను నోటుబుక్కు బల్ల మీద పెట్టాను. ఆయన పేజీలు తిప్పాడు, నవ్వు తగ్గింది. ప్రతి శనివారం తేదీ ఉంది, ప్రతి దెబ్బా ఉంది. ఆయన గుమాస్తా కోసం కొన్ని పేజీలు పైకి చదివాడు. "చేను ఆసామి కాలువ వస్తుందా అని అడిగాడు, ఆట మాత్రమేనని చెప్పాను. ఈ జెండాకు నా దెబ్బలు ఆరు." తర్వాత ఇంకొకటి. "బావి పని మొదలైంది. ఓవర్సీరు మూడో జెండా నుంచి నాలుగో జెండాకు గొలుసు పట్టి కొలిచాడు, పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. నా వెనక నిలబడి రాసుకున్నాడు కాబట్టి నా స్కోరు మార్చి ఉంటాడని అనుమానం." పెద్దాయన చేతులు కట్టుకుని నిలబడి అంతా విన్నాడు.

బావిని లెక్కలోకి తీసుకున్నారు. ఇంత పిచ్చిగా రాసినది కల్పన అయ్యే వీల్లేదని అధికారి అన్నాడు. బయటకు వచ్చాక నా ఛాతీ కాస్త పొంగింది. జీవితమంతా మోసిన అనుమానం ఒక మనిషికి పనికొచ్చిందనుకున్నాను. పెద్దాయన బీడీ వెలిగించుకుని, నా వైపు తిరగకుండా అడిగాడు.

"ఆయప్ప గొలుసు పట్టి కొలిసింది చూస్తివి, పుస్తకంలో రాసుకునేదీ చూస్తివి. నేను బాయి తవ్వుతాండేదీ చూస్తివి. అన్నీ తేదీ వేసి రాస్తివి. నీకు తెలీదంటే నేనెట్ల నమ్మేది సారూ?"

నాకు నిజంగా తెలియదని, దేవుని తోడని చెప్పబోయాను. ఆ మాట మీదే ఆయన ఎద్దులమ్మాడు. నోటుబుక్కు చంకలో పెట్టుకున్నాను. ఆయన బీడీ చివరిదాకా పీల్చి పారేసి, తల ఊపి బస్టాండు వైపు వెళ్లిపోయాడు.