రబ్బరు ఇటుకల మర, ఒంటి కడియం

నిజాం పాలన చివరి రోజుల్లో మెదక్‌లో ఏ సంగతీ ఎవరికీ ఖాయంగా తెలిసేది కాదు. అందువల్లనే కాబోలు, అందరికీ అన్నీ తెలుసు. పొద్దున పాలు పోసే ఆమె యూనియన్ ఫౌజు బయలుదేరిందని చెప్పేది. మధ్యాహ్నానికి మంగలి అదే ఫౌజును వెనక్కు పంపించేవాడు. రామాయంపేట నుంచి వచ్చిన బండివాడు అడవిలో దళం దిగిందంటే, అల్లాదుర్గ్ నుంచి వచ్చినవాడు అది దళం కాదు, దళం వేషం కట్టిన రజాకార్లు అనేవాడు. ఇంత గందరగోళంలో స్పష్టంగా ఆలోచించే మనిషి ఊరు మొత్తం మీద ఒక్కడే ఉన్నాడనీ, ఆ ఒక్కడూ పదిహేడేళ్ల నేనేననీ నాకు గట్టి నమ్మకం. (నమ్మకాల మీద యుద్ధం ప్రకటించినవాడిని, ఈ ఒక్క నమ్మకాన్ని మాత్రం పరీక్షకు పెట్టలేదు.) మా వీధి చివరి చదువుల గదిలో శనివారం శనివారం వాదసభ జరిగేది. దయ్యాలు లేవని నేను ఒకసారి ఎంతసేపు మాట్లాడానంటే, పెద్దలంతా ఒక్కొక్కరే లేచి ఇళ్లకు వెళ్లిపోయారు. ఎదురు పక్షం లేదు గనుక గెలిచాననుకున్నాను. అప్పటినుంచి మా బాపు నన్ను పేరు పెట్టి పిలవడం మానేసి "తర్కం" అని పిలవడం మొదలుపెట్టాడు. "తర్కం, బిందె నిండిందా సూడు" అనేవాడు.

ఆ వానాకాలంలో మా బావ కనబడకుండా పోయాడు. బావ అంటే మా మేనత్త కొడుకు. అత్తమ్మ భర్త పోయిన నాటినుంచి కొడుకుతో సహా మా ఇంట్లోనే ఉండేది. బావ రామాయంపేటలో ఒక బట్టల దుకాణంలో గుమాస్తా. ఒక సోమవారం దుకాణానికని పోయి దుకాణం చేరలేదు, ఇల్లూ చేరలేదు. దళంలో కలిశాడని కొందరు, బొంబాయి పారిపోయాడని కొందరు, ఎవరో పట్టుకుపోయారని కొందరు. అత్తమ్మ ఎవరు ఏది చెప్పినా తల ఊపి, లోపలికి వెళ్లి ఇసుర్రాయి ముందు కూర్చునేది. ఇంట్లో పిండి అవసరం లేని రోజున కూడా ఇసుర్రాయి తిరుగుతూనే ఉండేది. నెలరోజులు మేమంతా జొన్నరొట్టెలే తిన్నాం.

అప్పుడు దిగాడు రాగిరేకు తాత. ప్రతి శుక్రవారం చేగుంట వైపు నుంచి సంచి తగిలించుకుని వచ్చే ముసలాయన. రాగి రేకు మీద ఇనుప మొనతో ఎనిమిది రేకల పువ్వు చెక్కి ఇచ్చేవాడు. దాన్ని గుమ్మానికి కడితే పోయిన మనిషి తిరిగి వస్తాడని పేరు. కొలబద్ద లేకుండా, దారం పట్టకుండా ఉత్త చేత్తో గీస్తాడు, గీత వెంట్రుకవాసి తప్పదు, కనుక ఆ చేతిలో ఏదో ఉన్నదని ఊరి వాదన. మా అత్తమ్మ సందూకలో ఒక జత వెండి కడియాలున్నాయి, కాబోయే కోడలికని దాచినవి. రేకుకు బదులు ఆ జత ఇవ్వాలని తాత, ఇస్తానని అత్తమ్మ ఒప్పందం చేసుకున్నారు. వచ్చే శుక్రవారమే ముహూర్తం. నాకు ఒళ్లు మండింది.

"అత్తమ్మా, బావ యాడున్నడో రేకుకెట్ల తెలుస్తది?" అన్నాను.

"నీకు తెలుసా?"

"తెల్వదు."

"నాకు తెల్వదు. మీ బాపుకు తెల్వదు. తెల్వనోళ్లం ముగ్గురం ఇంట్ల కూసొని లొల్లి పెడ్తున్నం. రేకన్న సప్పుడు చెయ్యకుంట ఉంటది."

"అవి ఉత్త గీతలు. ఎవలైన గీస్తరు."

"అయితే నువ్వే గీయి, సూద్దాం!"

గీశాను. సాయంత్రం దాకా గీశాను. అత్తమ్మ ఆ కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చాలాసేపు చూసి, "గిది పువ్వా, తొక్కిన ఎండ్రకాయనా?" అని అడిగింది. బాపు పక్కనుంచి "తర్కం గీసింది గద, ఎండ్రకాయ లెక్కనే ఉంటది, పక్కకే నడుస్తది" అన్నాడు. ఆ అవమానంలోంచి నాకు మహత్తరమైన ఆలోచన పుట్టింది. నా చెయ్యి కాదు, అసలు చెయ్యే లేని వస్తువు ఆ పువ్వును గీస్తే? ప్రాణం లేనిదానికి మహిమ ఎక్కడినుంచి వస్తుంది? "వస్తువుతోని గీయిస్తా. గీయిస్తే కడియాలియ్యవు గద?" అన్నాను. అత్తమ్మ కాసేపు ఆలోచించి, "గీయిస్తే తాతకియ్యను, పో" అన్నది. (ఆమె "తాతకు" అన్నదని అప్పుడు గమనించి ఉంటే ఈ కథ ఇంతవరకు వచ్చేది కాదు.)

మా బాపు చర్చి కాడి దొరలకు తెలుగు నేర్పే మున్షీ. ఒక దొరసాని దేశం విడిచి పోతూ "మీ పిల్లలకు" అని ఒక రేకు పెట్టె ఇచ్చింది. అందులో రబ్బరు ఇటుకలు. ఎర్రగా, గచ్చకాయంత బొడిపెలతో, ఒకదాని నెత్తిన ఒకటి కూర్చునేవి. చిన్నపిల్లలు బొమ్మరిళ్లు కట్టే సామాను. పదిహేడేళ్ల హేతువాది వాటిని తాకడు గనుక, ఎవరూ ఇంట్లో లేనప్పుడు నేను వాటితో చర్చి గోపురం రెండుసార్లు కట్టి ఉన్నాను. ఇప్పుడు బహిరంగంగా కట్టే అవకాశం వచ్చింది. ఇటుకలతో మూడు స్తంభాలు లేపాను. పాత గొడుగు పుల్లలు ఇరుసులయ్యాయి. ఊరగాయ జాడీ కట్టె మూత పెద్ద చక్రం, దర్జీ పారేసిన దారపు రీలు చిన్న చక్రం. రెండింటికీ కలిపి ఒకే దారం చుట్టి, ఒక పిడి పెట్టాను. మూత మీద కాగితం తిరుగుతుంటే, రీలుకు కొట్టిన వెదురు బద్ద ముందుకూ వెనక్కూ ఆడుతుంది, బద్ద చివర పెన్సిల్. లెక్క ప్రకారం పువ్వు రావాలి. మొదటి రోజు కాగితం చిరిగింది. రెండో రోజు రబ్బరు స్తంభం వంగి వంగి ఒక్కసారిగా ఎగిరి, ఇటుకలు పెరడంతా పడ్డాయి. "ఖిల్లా గోడ కూలిందా?" అని బాపు బయటికి వచ్చాడు. మూడో రోజు నిలబడింది గానీ చెవులు చిల్లులు పడేటట్టు అరిచింది. అత్తమ్మకే జాలి కలిగి, "కిర్రుమంటున్నది కొడుకా, జర ఆముదం పెట్టు" అని గిన్నె తెచ్చి తన చేత్తోనే ఇరుసులకు పూసింది. అరుపు ఆగింది. ఆ ఆముదం కొంచెం దారానికి కూడా అంటుకున్నదని నేను పట్టించుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం మా వాకిట్లో పదిమంది పోగయ్యారు. రాగిరేకు తాత కూడా వచ్చి మర్యాదగా అరుగు మీద కూర్చున్నాడు. నేను ముందుగా ఉపన్యాసం ఇచ్చాను. (దాన్ని ఇక్కడ రాయను. ఆ పదిమంది ఒకసారి విన్నారు, చాలు.) తర్వాత పిడి తిప్పాను. పెన్సిల్ కదిలింది. గీత మీద గీత, రేక మీద రేక, పువ్వు పూసింది. తాత అద్దాలు పెట్టుకుని వంగి చూశాడు. అక్కడితో ఆపి ఉంటే గెలిచేవాణ్ణి. కానీ వాదంలో ఆరితేరినవాడు ఒక దెబ్బతో ఆగడు గదా. "దీనికి తిప్పేటోళ్లు ఎవరో తెల్వదు. ఎవ్వలు తిప్పినా గిదే పువ్వు పదిసార్లు గీస్తది. రాండ్రి, మీరే తిప్పుండ్రి!" అన్నాను.

దర్జీ వచ్చి తన మిషిని తిప్పినట్టు గబగబా తిప్పాడు. పువ్వు రాలేదు, బండి చక్రం వచ్చింది. పాలామె తిప్పితే అన్నీ నెలవంకలు. బాపు తిప్పితే సాలెగూడు.

"ఓయమ్మో, మనిషికొక్క తీరు వస్తున్నది!" అన్నది పాలామె. "నాకు సంద్రవంకలొచ్చినయ్. మా ఇంటాయన సంద్రయ్యనే గద!"

"గట్ల కాదక్కా," అన్నాను, "దారానికి ఆముదం అంటింది. జారుతున్నది. తిప్పేటోళ్ల చెయ్యిని బట్టి..."

"గదే గద నేననేది! చెయ్యిని బట్టే వస్తున్నది!"

"చెయ్యి వేగాన్ని బట్టి!"

"ఆముదం ఎవలు పూసిండ్రు?" అని దర్జీ గంభీరంగా అడిగాడు.

"అత్తమ్మ."

"ఇగో, సూడుండ్రి," అన్నాడు దర్జీ అందరి వైపు తిరిగి. ఆయన ఏం నిరూపించాడో నాకు ఈనాటికీ తెలియదు గానీ, అందరూ తలలూపారు. నేను వివరించిన కొద్దీ మహిమ పెరుగుతూ పోయింది. జారుడు అన్నాను, అది శకునమయింది. నిష్పత్తి అన్నాను, అది మంత్రమయింది.

అప్పుడు అత్తమ్మ లేచి వచ్చి మర ముందు కూర్చున్నది. ఇసుర్రాయి ముందు కూర్చున్నట్టే, ఒక కాలు చాపి, ఒక కాలు మడిచి. పిడి పట్టుకుని నెమ్మదిగా, ఒకే వేగంతో తిప్పింది. చెయ్యి ఎక్కడా తొందరపడలేదు, ఎక్కడా ఆగలేదు. దారం ఒక్కసారి కూడా జారలేదు. పెన్సిల్ కాగితమంతా తిరిగి, ఒక్కొక్క రేకా గీసి, చివరికి బయలుదేరిన చుక్క మీదికే వచ్చి కలిసింది. ఆ రోజు గీసిన వాటన్నింటిలో ఎక్కడ మొదలైందో అక్కడికే తిరిగి వచ్చిన గీత అదొక్కటే. నాదీ కలవలేదు.

"సూసినవా కొడుకా," అన్నది అత్తమ్మ. "ఊరంత తిరిగి మల్ల ఇంటికే వచ్చింది."

కారణం నా నాలుక చివర ఉంది. ఇరవై ఏళ్లు ఇసుర్రాయి తిప్పిన చెయ్యి, సమవేగం, జారని దారం. ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. ఆమె ముఖం చూశాను. నా జీవితంలో ఒక వాదాన్ని చేతిలో పెట్టుకుని నోరు మూసుకోవడం అదే మొదటిసారి. ఎందుకు మూసుకున్నానో అప్పుడు అర్థం కాలేదు. ఆమె ఆ కాగితాన్ని తీసుకుపోయి మెతుకులతో గుమ్మానికి అంటించింది. కడియాలు సందూకలోనే ఉన్నాయి. నేను గెలిచాను. ఓడినవాడిలా అరుగు మీద కూర్చున్నాను.

తాత నా పక్కకు జరిగి, గొంతు తగ్గించి, "పటేలా, గా మిషిని కిరాయికిస్తవా?" అన్నాడు.

"సిగ్గు లేదా తాతా? నువ్వు రేకును నమ్ముతవా?"

"నేనెందుకు నమ్ముత? గీసేటోన్ని నేనే గద." ముసలాయన తన వేళ్లు చూపించాడు, కీళ్లు ఉబ్బి ఉన్నాయి. "చెయ్యి వణుకవట్టింది. గీత తప్పితే రేకు తీసుకున్నోళ్లు పరేషాన్ అయితరు. నిద్రపోరు. తప్పొద్దు."

ఊళ్లో నాతోపాటు రేకును నమ్మని రెండో మనిషి దొరికాడు. దొరికింది ఈయనేనా! మరుసటి పొద్దున తలుపు తీస్తే వాకిట్లో ఏడుగురు ఆడవాళ్లు, చేతుల్లో కాగితాలు. నేను వెనక గోడ దూకి చదువుల గదికి పారిపోయాను. మరను బాపు నడిపించాడు. ("పాపం, వద్దంటే ఏడుస్తున్నరు రా తర్కం" అన్నాడు.)

ఆ తర్వాతి వారం విమానాలు తిరిగాయి. మూడో రోజో నాలుగో రోజో ఫౌజు వచ్చిందన్నారు, ఎవరి ఫౌజో తెలియక కొందరు ఒక జెండా తీసి ఇంకొకటి కట్టి, మళ్లీ తీసి, చివరికి వట్టి కర్ర పట్టుకుని నిలబడ్డారు. మూడు వారాలు గడిచాక బావ వచ్చాడు. గడ్డం పెంచి ఉన్నాడు. పాలామె రజాకారనుకుని చెంబు వదిలేసి ఉరికింది. దళం లేదు, బొంబాయి లేదు. దారిలో తుపాకి చప్పుడు వినపడితే భయపడి, అల్లాదుర్గ్‌లో దోస్తు ఇంటి అటక ఎక్కి, రెండు నెలలు పల్లికాయలు ఒలుచుకుంటూ కూర్చున్నాడట. అత్తమ్మ ఏడ్చి, కొట్టి, అన్నం పెట్టి, ఆ తర్వాత గుమ్మం మీది కాగితానికి దండం పెట్టింది. నేను బావను పక్కకు పిలిచి, "నువ్వు కాయితం వల్ల వచ్చినవా, చెప్పు!" అని నిలదీశాను.

"ఏం కాయితం? పల్లికాయలు ఒడిసినయ్, బస్త ఖాళీ అయింది, వచ్చిన," అన్నాడు బావ. ఆగి, "అమ్మకు మాత్రం గిది చెప్పకు," అన్నాడు.

ఆ సాయంత్రం అత్తమ్మ సందూక తెరిచి, ఒక కడియం తెచ్చి నా చేతిలో పెట్టింది. మొక్కు మొక్కే అన్నది. తాతకివ్వనని చెప్పింది గానీ, పని చేసినవాళ్లకివ్వనని ఎప్పుడు చెప్పింది? రెండోది కోడలికట. "నేను తీసుకోను అత్తమ్మా, అది ఆముదం పని, ఇసుర్రాయి పని," అన్నాను. "అన్నీ నా వస్తువులే అంటవ్. మరి నువ్వేం జేసినవ్?" అన్నది. నేను ఆలోచిస్తుండగానే నా గుప్పిట మూసేసింది.

ఆ తర్వాత యాభై ఏళ్లు తాయెత్తుల మీద, రేకుల మీద ఊరూరా ఉపన్యాసాలిచ్చాను, వ్యాసాలు రాశాను. రబ్బరు ఇటుకలు ఎండి పొడి అయిపోయాయి. కడియం ఉంది. ఒంటిది, ఎవరి కాలికీ పనికిరాదు, కాగితాలు ఎగిరిపోకుండా బల్ల మీద పెట్టుకుంటాను. మూఢనమ్మకాల మీద నేను రాసిన ప్రతి వ్యాసాన్నీ అదే అదిమిపట్టింది. ఎవరైనా అదేమిటని అడిగితే, నాకు జీవితంలో అందిన ఒకే ఒక్క పారితోషికం అంటాను. దేనికి అని అడిగితే మాత్రం, ఊళ్లో స్పష్టంగా ఆలోచించే ఆ పదిహేడేళ్ల మనిషిని ఒకసారి పిలిచి కనుక్కోవాలనిపిస్తుంది. వాడికీ తెలియదు పాపం, గోడ దూకి పారిపోతున్నాడు.