చిన్ని దండం పెట్టిన మలుపు

చిన్నీ, నా బిడ్డా, నువ్వు మమ్మల్ని విడిచిపోయి నాలుగు నెలలు. కొండలల్ల ఏముందే అని నిన్ను తిట్టేదాన్ని. అదేందో చూద్దామని, నువ్వు నాలుగు రోజులు నడిచిన మంచుకొండల తొవ్వల ఇయ్యాల ఒక్కరోజు నడక నేను నడిచిన. అప్పుడు నీతోని నడిచిన నీ దోస్తు స్వప్ననే తోలుకొచ్చింది.

నేను ఎక్కుడు మొదట్లనే ఉరుకుతుంటే నవ్వింది. "ఆంటీ, ఇది చిక్కడపల్లి మార్కెట్ కాదు, జర మెల్లగ!"

మలుపు తిరగంగనే మబ్బులు మా కాళ్ల కిందికొచ్చినయ్. ఎదురుంగ తెల్లటి కొండ, ఆకాశం నిండ. నాకు తెల్వకుండనే చేతులు జోడించిన.

"చిన్ని గూడ ఇక్కడ్నే దండం పెట్టింది ఆంటీ," అన్నది స్వప్న.

గుడికి రమ్మంటే నాతోని కొట్లాడేదానివి గదనే! ఇది చదివేటోళ్లూ, మీ పిల్లలు ఎక్కడ దండం పెడతరో మీకెరుకనా? చెప్పుండ్రి.

ఇన్నాళ్లకు ఇయ్యాల నాకు ఆకలైంది. మీరు గూడ మంచిగ తినుండ్రి.