తాళాలాయన ముట్టుకోని తాళం

ఆ నాలుగు వీధుల్లో తాళంచెవి పోయినా, తాళం మొరాయించినా అందరూ పరిగెత్తేది ఒక్క మనిషి దగ్గరికే. మంచమంత కొట్టు, గోడ నిండా మేకులకు వేలాడే తాళంచెవులు, బల్ల మీద నాలుగు ఆకురాళ్లు. ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు లేరు. తాళాలాయన అంటే చాలు. "లోకంలో అన్ని తాళాలూ తీస్తాడు, తన నోటిది తప్ప" అని భార్య మేలమాడేది.

ఆ నోరు మూతపడింది పదకొండేళ్ల క్రితం. ఏదో దుకాణంలో దొంగతనం జరిగితే పోలీసులు అనుమానం మీద పట్టుకెళ్లారు. "ఇది ఎలా తీశారో చూసి చెప్పు" అని తాళం చేతిలో పెట్టారు. పాపం, అటూ ఇటూ తిప్పి చూశాడు. మర్నాడు దాని మీద వేలిముద్రలు నీవేనన్నారు. అసలు దొంగ వేరే ఊళ్లో దొరికేదాకా మూడు రోజులు వదల్లేదు. వదిలేనాటికి కుడిచేతి వేళ్లు రెండు వంకరపోయాయి. పొరపాటైందన్న నాథుడు లేడు.

అందుకే కొత్త కానిస్టేబులమ్మ వీధిలోకి వచ్చిన రోజే ఆయన షట్టరు సగానికి దించేశాడు. ఆమెకు అప్పగించింది ఈ నాలుగు వీధులే. జీపు లేదు, రోజూ పదింటికి నడిచి వచ్చేది. వెలగని వీధిదీపం గురించీ, కరిచే కుక్క గురించీ అడిగి రాసుకునేది. జనం నడకమ్మ అని పేరు పెట్టేశారు. ఒకరోజు తాళాలాయన భార్య ఆమెకు మంచినీళ్లిచ్చింది.

"పాముకి పాలు పోస్తున్నావు" అన్నాడాయన, ఆమె వెళ్లాక.

"దాహమేసిన మనిషికి నీళ్లిచ్చాను" అంది భార్య.

ఇలా ఏడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం, వెనకవీధి బట్టల షాపాయన తన ఇంటి తాళం పట్టుకుని పదిమందిని వెంటేసుకొచ్చాడు. ఇంట్లో నగలు పోయాయట. తాళం పగల్లేదు.

"పగలకుండా తీసే మొనగాడు ఇక్కడ ఒక్కడేగా" అన్నాడు, కొట్టుకి అడ్డంగా నిలబడి.

ఎవరో ఫోన్ చేసినట్టున్నారు, జీపు వచ్చి ఆగింది. ఇన్‌స్పెక్టరు దిగి, "నడువయ్యా, స్టేషన్లో మాట్లాడుకుందాం" అన్నాడు. పదకొండేళ్ల క్రితం పోలీసులన్నదీ సరిగ్గా ఈ మాటలే. భార్య వచ్చి భర్త చొక్కా అంచు పట్టుకుంది.

అంతలో నడకమ్మ వచ్చింది, రొప్పుతూ.

"సార్, అడిగేదేదో ఇక్కడే, అందరి ముందే అడుగుదాం."

"నీకు తెలుసా ఇతనెవరో?"

"తెలుసు సార్. పాత ఫైలు చదివాను. అందుకే అంటున్నాను."

ఇన్‌స్పెక్టరు మొహం మాడింది. ఆమె బట్టల షాపాయన చేతిలోంచి తాళం తీసుకుని, "బాబాయ్, ఇది ఎలా తెరిచారో మీరే చెప్పగలరు. చూస్తారా?" అంది.

తాళాలాయన రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. "నేను ముట్టుకోనమ్మా. ముట్టుకున్నాకే కదా అప్పుడు ఇరికించారు."

ఆమె తాళాన్ని తన అరచేతిలో ఆయన కళ్లకెదురుగా పెట్టి, రెండో చేత్తో టార్చి వేసింది. "ముట్టుకోవద్దు. నేను పట్టుకుంటాను, మీరు చూడండి."

ఆయన వంగాడు. చాలాసేపు చూశాడు. చెమట చుక్క ముక్కు చివర వేలాడుతున్నా తుడుచుకోలేదు.

"తీగతో తీస్తే లోపల గీతలు పడతాయి. ఇందులో గీతల్లేవు. కన్నం అంచున పసుప్పచ్చని పొడి ఉంది, చూడండి. కొత్తగా కోసిన ఇత్తడి తాళంచెవి పెట్టి తిప్పారు."

"అలాంటివి చేసేది నువ్వేగా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే సార్. కానీ నేను కోసింది ఆకురాయితో నున్నగా రుద్దకుండా ఇవ్వను. ఇది చేతగానివాడి పని." ఇంత పొడవు మాట ఆయన నోట విని వీధికి ఏళ్లయింది.

నడకమ్మ బట్టల షాపాయన వైపు తిరిగింది. "మీ తాళంచెవి ఈమధ్య ఎవరి చేతికైనా ఇచ్చారా?"

"ఉన్నది ఇనుప తాళంచెవి ఒక్కటే. నా దగ్గరే..." అని ఆగిపోయాడు. "పోయిన నెల మేం ఊళ్లో లేనప్పుడు మా బావమరిది ఉన్నాడు ఇంట్లో."

జీపు ఖాళీగా వెళ్లింది. నాలుగో రోజుకి బావమరిది దొరికాడు, నగలూ దొరికాయి. బట్టల షాపాయన ఆ తర్వాత కొట్టు ముందునుంచి తల దించుకుని పోయేవాడే గానీ తప్పైందని అనలేదు. నడకమ్మ మాత్రం వచ్చి గడపలో నిలబడింది.

"అప్పుడు నేను ఈ ఉద్యోగంలో లేను బాబాయ్. అయినా మీకు జరిగింది తప్పు. మావాళ్లు చెప్పాల్సింది, చెప్పలేదు. నేను చెబుతున్నాను."

ఆ రాత్రి ఆయన అన్నం తినలేదని తర్వాత భార్య చెప్పింది.

నెలనెలా వీధివాళ్లతో పోలీసులు జరిపే సమావేశానికి ఆసారి తాళాలాయనా వెళ్లి, వెనక బెంచీలో కూర్చున్నాడు. ఇన్‌స్పెక్టరు "ఎవరికైనా ఏమైనా ఇబ్బందులు?" అని అడిగాడు. వీధిదీపాల మాట అయ్యాక తాళాలాయన లేచాడు.

"అనుమానం మీద ఎవర్ని తీసుకెళ్లినా, ఎందుకో కాగితం రాసి ఇంటివాళ్లకివ్వండి. అంతే."

నడకమ్మ తన పుస్తకంలో ఆ మాట రాసుకుని ఇన్‌స్పెక్టరు వైపు చూస్తూ కూర్చుంది.

"పై వాళ్లతో మాట్లాడాలి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మాట్లాడండి సార్. వచ్చే నెలా వస్తాను," అని తాళాలాయన కూర్చున్నాడు.