ముందరి పన్ను పోయి ఎనక్కి జరిగినా

టీ చల్లారితే చల్లారనీ అన్నా, ముందు ఇది ఇను. అడిగినావు గదా, ఏమప్పా, ఇరవై ఏండ్లుగా మేళంలో ముందర కూచోని సన్నాయి ఊదేటోడివి, ఎనక్కెందుకు పోయినావని. నా చేతులారా చేసుకుండేదే.

పోయినేడు సన్నాయికి నోట్లో పెట్టుకునే పీక మింద నెత్తురు అంటుకునేది మొదలైనాది. పొద్దున యాపపుల్లతో తోముకోని ఉమ్మినా ఎర్రగానే ఉండె. ముందరి పండ్లు పోతే మాకు బతుకేముండాది? పండ్ల ఆనిక లేకుంటే పెదవి పీకను పట్టుకోలేదు. వానల్లేక పెండ్లిండ్లే తక్కువైనాయి. ఆ ఉండేవాటికి గూడా మైకుసెట్టోడు రికార్డులు పెట్టుకోని కాసుకోనుండాడు.

దిగులుపడి, నా భార్య మాబున్నిని ఎంటబెట్టుకోని బత్తలపల్లెలో బస్సెక్కి అనంతపురం పోయినా. పండ్ల డాక్టరు నోరు చూసి, పైపైన తోముకుంటాండావు, సందుల్లో పాచి అట్లే ఉండాది, దానికే చిగుర్లు వాచినాయి, దినామూ సందుల్లో దారం పెట్టి మెల్లగా తియ్యల్ల అన్నాడు. నాకు నవ్వొచ్చినాది. పీకకు దారం చుట్టి చుట్టి చేతి ఏళ్లు కాయలు కాసినోన్ని, నాకా చెప్పేది? ఏ దారం గట్టిది, ఏది నానుతాది, ఎట్ల ముడెయ్యల్ల, అంతా ఆయప్పకే చెప్పినా. ఆయప్ప నడుమ ఏందో అనబోయె. నేను నిలపలా.

ఇంటికొచ్చి దారం పెడితే నెత్తురు. మర్నాడూ నెత్తురే. ఈ దారమే చిగుర్లను కోస్తాండాదని అవతల పారేసినా.

మాబున్ని చూసి, "మొదట కొన్ని దినాలు నెత్తురొస్తాది, నిలపద్దండి అని ఆయప్ప చెప్పె గదా. నువ్వు మాట్లాడుతాంటివి, నేను ఇన్యా," అనె.

నీకేం తెలుసని చెప్పి, నేను నశ్యం పట్టిచ్చి రుద్దినా. నాలుగు దినాలకే నెత్తురు లేదు, నొప్పి లేదు. ఇంగ చూడు, సంతలో కనపడినోనికల్లా నా వైద్యం చెప్పుకోని తిరిగినా. పైకి బాగనే కనపడుతాండె. లోపల చిగురు కరిగిపోతాండాదని నాకేం తెలుసు? పన్ను నాలికకు ఊగుతాంటే, వయసయిందిలే అనుకుంటి.

యాడికి ఊర్లో పెండ్లి. తాళి కట్టే ఘడియ. డోలాయన గట్టిమేళం అందుకున్యాడు. నేను గుండెల నిండా గాలి పట్టి పైకి లేపినా. నోట్లో టుక్కుమన్యాది. సన్నాయిలో పాట పోయి ఉత్త గాలి వచ్చె, సైకిలు ట్యూబు పంచరైన మాదిరి. తాళి డోలు చప్పుడుకే కట్టినారు. పెండ్లికూతురు నాయన గబగబా నా కాడికొచ్చినాడు.

"ఏమప్పా సాయిబూ, నా బిడ్డ మెడలో తాళి పడేటప్పుడే నిలపల్లనా?"

అరచెయ్యి తెరిచి చూపిచ్చినా. ఆయప్ప పన్నును చూసినాడు, నన్ను చూసినాడు.

"చదివింపులు ఆపక్కప్పా," అన్నాడు.

పందిట్లో అందరూ నవ్విరి. నేనూ నవ్వినా, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోని. బస్సులో మాత్రం కిటికీ దిక్కు తిరుక్కోని కూచుంటి.

మళ్ల డాక్టరు కాడికి పోతే, పక్కపన్ను గూడా కదులుతాండాది, దినామూ దారం పెడితే నిలుస్తాదేమో, పోయింది మాత్రం రాదు అన్నాడు. ఇప్పుడు పెడతాండా. పదైదు దినాలకు నెత్తురు నిజంగానే నిలిచె.

ముందరి చోటు మాత్రం నా తమ్ముడు మస్తానుకు పోయినాది. నాకు ఎనక కూచోని శ్రుతి ఊదేది ఇచ్చినారు. పొద్దుగూకులూ ఒకటే స్వరం. దానికి పండ్లతో పనిలా, బుగ్గల్లో గాలుంటే సాలు. మొన్న గుమ్మఘట్టలో పెండ్లిపెద్ద నా పక్కన కూచోని చెవిలో అన్నాడు గదా, "ఇంత బాగా ఊదే తమ్మున్ని పెట్టుకోని, ఇన్నేండ్లూ నువ్వెందుకు ఊదినావప్పా?"

చెప్పేదానికి నాకు శానా ఉండె అన్నా. ఇరవై ఏండ్ల కతుండె. కానీ శ్రుతి పట్టినోడు నోరు తీస్తే మేళమంతా తెగిపోతాది. పెండ్లి అయ్యేదాకా ఆయప్ప నా తమ్మున్ని పొగుడుతానే ఉండె. నేను బుగ్గలుబ్బిచ్చుకోని అంతా ఇన్యా.