తడి తగలని విత్తనం

ఆళ్లగడ్డలో నంద్యాల రోడ్డు పక్కన రేకుల కప్పు వేసిన గోడౌను ఒకటి ఉండేది. పంట చేతికొచ్చిన నాటి నుంచి అందులో ముప్పై మంది ఆడవాళ్లు గోనెపట్టాల మీద వరుసగా కూర్చుని వేరుశనగ కాయలు ఒలిచేవారు. ఎవరి చోటు వారిదే. అత్త మంచాన పడితే ఆ చోటు కోడలికి రావాలి. పక్కామె ఒక్క జానెడు జరిగినా ఆ పూటకి పని సాగినట్టే. ఆ చోట్ల కోసం జరిగిన తగాదాలు రాస్తే భారతమంత గ్రంథం అవుతుంది. వాటన్నిటినీ తీర్చే మేస్త్రి పేరు సువార్తమ్మ.

సువార్తమ్మకు అప్పటికి నలభై దాటాయి. మనిషి పొట్టి, గొంతు పెద్దది. ఆదివారం చర్చిలో ఆమె పాట అందుకుంటే చుట్టుపక్కల వాళ్లకు తమ గొంతు తమకే వినపడేది కాదట. భర్త పోయి పదేళ్లయింది. అప్పట్నుంచి ఆ గోడౌనే ఆమెకు ఇల్లు, ఆ ముప్పై మందే బలగం. వాళ్లను నోటికొచ్చినట్టు తిట్టేది, వాళ్ల మీద ఈగ వాలనిచ్చేది కాదు.

గోడౌను యజమాని శేషాద్రి. అహోబిలంలో గుడి సేవ చేసుకునే ఇంట రెండో కొడుకు. అన్న గుడిని పట్టుకుంటే ఇతను వ్యాపారంలోకి దిగాడు. ఒలిచిన పప్పును నంద్యాల నూనె మిల్లులకు తోలేవాడు. మనిషి మంచివాడే. కాకపోతే కొత్త వస్తువు ఏది కనపడినా కాలు నిలిచేది కాదు.

1976 దసరాకు అలాంటి వస్తువే కనపడింది. నంద్యాలలో ఎవరో వ్యాపారి కాయలు కొట్టే మిషన్ తెచ్చాడని విని శేషాద్రి వెళ్లి చూశాడు. చూసిన వారానికే దాని తోబుట్టువు ఒకటి ఆళ్లగడ్డలో దిగింది. పైన కాయలు పోస్తే కింద పప్పు ఒకవైపు, పొట్టు ఒకవైపు. ముప్పై మంది దినమంతా చేసే పని అది పొద్దున టిఫిను వేళకు ముగించేది.

రెండు రోజులు తటపటాయించి మూడో రోజు సువార్తమ్మను పిలిచాడు.

"సువార్తమ్మా, దీపావళి పోయినాక మీరు రావాల్సిన పనుండదు," అన్నాడు నేల చూస్తూ.

"ఏంది సామీ, అంత మెల్లగా జెప్తాండారు? నాకు ఇనపడకూడదనా?"

"నేనేం జేసేది చెప్పు. మిషన్ పెట్టకపోతే నంద్యాలోళ్లు నన్ను బతకనిస్తారా?"

ఏడిస్తే జాలి పడతాడేమో కానీ జాలితో ముప్పై పొయ్యిలు వెలగవని ఆమెకు తెలుసు. మిషన్ దగ్గరికి పోయి దోసిలి నిండా పప్పు తీసుకుంది. ఒక్కొక్క గింజనే వేళ్ల మధ్య తిప్పి చూసింది. చాలా గింజల మీద ఎర్రటి పొర గీరుకుపోయి ఉంది, కొన్ని నడిమికి చీలాయి. నూనెకు అదేం పట్టింపు లేదు. కానీ నేలలో వేసేదానికో?

"ఎనిమిది దినాలు గడువియ్యండి సామీ," అంది. "అంతకు మించి అడగను."

ఆ సాయంత్రమే మిషన్ పప్పు నూరు గింజలు, చేత్తో ఒలిచినవి నూరు గింజలు ఎంచి, వేరువేరు తడి గోనెపట్టాల్లో చుట్టి ఇంటి చూరు కింద పెట్టింది. అయిదో రోజు ఆ రెండు చుట్టలూ చంకన పెట్టుకుని వచ్చి శేషాద్రి ముందు విప్పింది. "నేను లెక్కబెడితే నమ్ముతారో నమ్మరో. మీరే లెక్కబెట్టండి," అంది.

చేతి గింజల్లో తొంభై ఒకటి మొలకెత్తాయి. మిషన్ గింజల్లో నలభై మూడు.

"ఇంత సంగతి నాకెవురూ చెప్పలేదే!" అన్నాడు శేషాద్రి.

"మీరు అడిగితే గదా!"

చెంప దెబ్బ కన్నా గట్టిగా తగిలింది ఆ మాట. మిషన్ అమ్మినవాణ్ణి అడిగాడు, కొన్నవాణ్ణి అడిగాడు, కరెంటాయన్ను అడిగాడు. పాతికేళ్లుగా ఆ పనే చేస్తున్న మనిషి పది గజాల దూరంలో ఉంటే ఆమెను మాత్రం అడగలేదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. పెద్ద పెద్ద మిల్లుల వాళ్లు ఈ రోజుకీ చేసే తప్పే ఇది. శేషాద్రికి ఒక్కసారికే అర్థం కావడం అతని అదృష్టం.

ఆ రోజే మాట ఇచ్చాడు. నూనెకు పోయేది మిషన్ కొడుతుంది, అందులో రాళ్లూ పుచ్చులూ ఏరే పని ఆడవాళ్లది. విత్తనానికి పోయేది మాత్రం ప్రతి గింజా చేతిదే. రుద్రవరం నుంచి సంజామల దాకా తిరిగి, చేత్తో ఒలిచిన విత్తనం ఇస్తామని రైతులకు చెప్పి వచ్చాడు. అనుకున్నదానికి రెట్టింపు మంది అడిగారు. ముప్పై చోట్లూ ముప్పై మందికీ దక్కాయి.

అక్కడితో అయిపోతే సువార్తమ్మ గురించి రాయడానికి ఇంత కాగితం ఎందుకు? అసలు కథ మరుసటి ఏడు ఎండాకాలంలో మొదలైంది.

ఒలిచేవాళ్లకు తరతరాలుగా ఒక అలవాటు ఉంది. పొద్దున్నే కాయల రాశి మీద నాలుగు చెంబుల నీళ్లు చల్లుతారు. తొక్క మెత్తబడి సులువుగా విచ్చుకుంటుంది, బొటనవేలి గోరు చీలదు. పైగా పప్పు తూకం కాస్త పెరుగుతుంది కనక ఏ యజమానీ వద్దనలేదు. విత్తనపు కాయలు ఒలిచేటప్పుడు కూడా సువార్తమ్మ అలవాటు కొద్దీ నీళ్లు చల్లింది. మామూలుగా నాలుగు చెంబులు, ఆ ఏడు ఆరు. మిషన్ కన్నా తామేం తీసిపోలేదని చూపించాలన్న పంతం ఆమెది.

ఆ ఏడాది వాన ఇరవై రోజులు ఆలస్యం చేసింది. విత్తనం ఆ తడితో మూటల్లోనే మగ్గిపోయింది.

రుద్రవరంలో ఉమామహేశ్వరమ్మ అనే ఆమె మొగదిక్కు లేకపోయినా ఎనిమిదెకరాలు సొంతంగా సేద్యం చేసుకునేది. విత్తిన తొమ్మిదో రోజున ఆమె గోడౌను గడపలో నిలబడి, కొంగున కట్టుకొచ్చిన గింజలు శేషాద్రి ముందు కుమ్మరించింది. మట్టిలోంచి తవ్వి తీసిన గింజలు, నల్లగా బూజు పట్టి ఉన్నాయి.

"ఏమప్పా, ఇదేనా నీ చేతి ఇత్తనం? చేను బోడిగుండు మాదిరి ఉండాది. నా పిల్లోళ్లకు మన్ను పెట్టమంటావా?"

"మీ ఇంట్లో యాడన్నా తడి తగిలుంటాదమ్మా," అన్నాడు శేషాద్రి. అబద్ధమాడాలని కాదు, అతను నిజంగానే అలా నమ్మాడు. "మా దగ్గర్నుంచి పోయిందాంట్లో లోపముండదు."

వాళ్ల మాటలు విని సువార్తమ్మ లేచి వచ్చింది. ఒక గింజ తీసి నలిపి వాసన చూసింది. ఆ తడి ఎక్కడిదో తెలిసిపోయింది.

వెనక ముప్పై జతల చేతులు ఆగిపోయాయి. ఆమె నోరు విప్పితే ఆ ముప్పై చోట్లూ పోతాయి. చేతి విత్తనం అన్న పేరు మీదే కదా అవి నిలబడ్డది! విప్పకపోతే పోయేదేమీ లేదు. యజమాని తనంతట తానే వాళ్లను వెనకేసుకొస్తున్నాడు. రైతు మాట కన్నా వ్యాపారి మాటే చెల్లుతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. సువార్తమ్మ ఎదురుగా ఉన్న ఆడమనిషి చేతుల వైపు చూసింది. కాయలు కాచిన చేతులు, అచ్చం తన చేతుల్లాంటివే.

"ఆమెనేమీ అనొద్దు సామీ," అంది. "ఆ తడి మాదే. కాయల మీద నీళ్లు నేనే జల్లినా."

శేషాద్రి ముఖం కందగడ్డయింది.

"విత్తనానికి నీళ్లు చల్లొచ్చునా? ఇన్నేండ్ల మేస్త్రివి, తెలీదా నీకు?"

"నూనె కాయలకు జల్లీ జల్లీ అలవాటైపోయింది. తప్పు నాది. తీసేస్తే నన్ను తీసేయండి. వాళ్లు నేను జెప్పినట్టే జేసినారు."

ఏ వ్యాపారైనా ఆ క్షణాన ఏం చేస్తాడో అందరికీ తెలుసు. శేషాద్రి కూడా నోరు తెరిచాడు. మూసుకున్నాడు. తూకం పెరుగుతోందని ఆ నీళ్లను ఇన్నేళ్లూ చూసీ చూడనట్టు ఊరుకున్న పెద్దమనిషి ఎవరో అతనికి గుర్తొచ్చి ఉంటుంది. ఉమామహేశ్వరమ్మ వైపు తిరిగాడు.

"అదును ఇంకెన్ని దినాలుంటాదమ్మా?"

"నేలలో ఈ పదును ఆరిపోతే లేదు. నాలుగైదు దినాలు."

"సువార్తమ్మా, ఎనిమిదెకరాల విత్తనం. ఒక్క చుక్క తడి లేకుండా. ఎన్ని దినాలు?"

"రెండు."

పొడి కాయలు ఒలవడం ఎంత కష్టమో చేసినవాళ్లకే తెలుసు. రెండో రోజు పొద్దెక్కేసరికి బొటనవేళ్లు పగిలి, గుడ్డపేలికలు చుట్టుకున్నారు. ఉమామహేశ్వరమ్మ ఊరికి పోలేదు. "నా ఇత్తనానికి మీరు రక్తం గారుస్తాంటే నేను సూస్తా కూసోవల్లనా?" అంటూ తనూ దిగింది. ఆ ముప్పై మందిలో, చోటు కోసం అత్తతోనే కొట్లాడిన పద్మమ్మ, ఎవరూ అడగకుండానే జరిగి తన గోనెపట్టా మీద సగం చోటు ఇచ్చింది. సువార్తమ్మ అది చూసి ముఖం పక్కకు తిప్పుకుంది. కళ్లు తుడుచుకోవడం వాళ్ల కంట పడితే రేపు తిట్టేదానికి విలువుండదు మరి.

రెండోసారి వేసిన విత్తనం నిండుగా మొలిచింది. శేషాద్రి మిగతా ఊళ్లకూ కబురు పంపి, మొలవని వాళ్లందరికీ మళ్లీ విత్తనమిచ్చాడు. ఆ ఏడు అతనికి మిగిలింది శూన్యం. కానీ తప్పు ఒప్పుకున్న గోడౌను అని పేరొచ్చింది. మరుసటి ఏడు రైతులు ఆ పేరు చెప్పుకునే వచ్చారు.

అప్పట్నుంచి శేషాద్రికి ఒక పద్ధతి పడింది. ఏటా దసరా వెళ్లగానే వచ్చి ఆ గోనెపట్టాల మీదే కూర్చునేవాడు. "వచ్చే ఏడు ఏం మారతాదో చెప్పండి," అని అడిగేవాడు. మొదట్లో ఆడవాళ్లు సిగ్గుపడేవారు. తర్వాత్తర్వాత అతన్ని లేవనిచ్చేవారు కాదు. మిషన్ నడిపే మనిషి పని ముమ్మరంగా ఉన్నప్పుడు చెప్పకుండా పోతే, దాన్ని నడపడం మాకు నేర్పమని అడిగింది సువార్తమ్మే. నెల తిరక్కుండా పద్మమ్మ దాని బెల్టు మార్చడం కూడా నేర్చింది. జల్లెడ పట్టి గింజను సైజువారీగా వేరుచేయడం, విత్తనానికి మందు పట్టించడం, మూటకు నూరు గింజలు తీసి మొలకలు చూడడం, ఒక్కొక్కటే పనులు పెరిగాయి.

1984లో నంద్యాల నుంచి మళ్లీ కబురు వచ్చింది. రబ్బరు పెట్టిన కొత్త మిషన్ వచ్చిందట, గింజ పొర గీరుకోకుండా విత్తనం కూడా ఒలుస్తుందట. ఈసారి శేషాద్రి ఒంటరిగా పోలేదు. సువార్తమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కాడు.

"ముప్పై మంది పని నలుగురితో అయిపోతుంది," అన్నాడు అమ్మేవాడు హుషారుగా. సువార్తమ్మ సంచిలోంచి సొంత కాయలు తీసి మిషన్‌లో పోయించి, వచ్చిన పప్పు మూట కట్టుకుని ఇంటికొచ్చింది.

అయిదో రోజు పొద్దున పెరట్లో తడి గోనె విప్పింది. నూటికి ఎనభై తొమ్మిది మొలకలు. మళ్లీ లెక్కపెట్టింది. ఎనభై తొమ్మిదే. చుట్టూ ఎవరూ లేరు. తను యాభై మొలిచాయంటే యాభయ్యే. శేషాద్రి నమ్ముతాడు, మిషన్ రాదు, చేతి పని ఇంకో పదేళ్లు సాగుతుంది. ఆ ఆలోచన ఆమెకు రాలేదని చెబితే నేను అబద్ధమాడినట్టు.

గోనె చంకన పెట్టుకుని గోడౌనుకు వెళ్లి అతని ముందు పరిచింది.

"ఈ మిషన్ బాగుండాది సామీ. మనం తేకపోతే ఇంకొకరు తెస్తారు."

శేషాద్రి మొలకల వంక, లోపల కూర్చున్న ఆడవాళ్ల వంక చూశాడు.

"ముప్పై మందికీ వేరే పని కుదిరినాకే తెద్దాం," అన్నాడు. "రెండేండ్లు ఆగమని చెప్తా వాణ్ణి."

సువార్తమ్మ నవ్వింది.

"రెండేండ్లు ఏంటికి సామీ? ఆర్నెల్లు చాలు. మావోళ్లు కొత్త పని మీకన్నా బిరీన నేర్చుకుంటారు."